బొంతయ్య ఇన్‌ఛార్జి అయిన మూడు రోజులు

అనగనగా ఒక అడవిలో ఒక వాగు. వానాకాలంలో అది బండల్ని కూడా దొర్లించేది. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం ఇసుక తప్ప నీటి చుక్క కనపడేది కాదు. అప్పుడు జంతువులన్నీ కలిసి ఆ ఇసుకలో చెలమ తవ్వుకునేవి. చెలమ అంటే లోతైన గుంట. దాని అడుగున నీళ్లు ఊరతాయి. కానీ చుట్టూ ఉన్న ఇసుక ఊరుకుంటుందా? జారుతూనే ఉంటుంది. అందుకని అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. నీళ్లు తాగిన ప్రతివారూ ఒక గుప్పెడు ఇసుక తీసి అవతల పోసి పోవాలి. ఉడుత కూడా తన గుప్పెడు తాను తీసేది.

అందరికంటే ఎక్కువ ఇసుక తీసేది ఎలుగుబంటి బొంతయ్య. ఒంటినిండా బొంత కప్పుకున్నట్టు బొచ్చు, చేతులకు పారల్లాంటి గోళ్లు.

ఒకరోజు సుద్దులమ్మ అనే గోరింక ఊరినుంచి ఎగిరొచ్చింది. ఊళ్లో అది ఒక ఆఫీసు కిటికీ పైన గూడు కట్టుకుని రెండేళ్లు కాపురం చేసింది.

"బొంతయ్య మామా! ఇంత మనిషివి, అదే, ఇంత ఎలుగువి, ఇసుక పిసుక్కుంటున్నావేం? ఊళ్లో అయితే నువ్వు ఇన్‌ఛార్జివి" అంది.

"ఇన్‌ఛార్జా? తినేదా?" అన్నాడు బొంతయ్య.

"తినేది కాదు మామా, కూర్చునేది. ఇన్‌ఛార్జి అంటే అక్కడ అందరికీ పెద్ద. కుర్చీలో కూర్చుని 'అది చెయ్యి, ఇది చెయ్యి' అంటాడు. అందరూ 'అలాగే సార్' అంటారు. టీ కూడా తెస్తారు."

"ఇన్‌ఛార్జి బొంతయ్య" అని మెల్లగా అనుకుని చూశాడు ఎలుగు. తేనెపట్టు నాకినట్టుంది. మళ్లీ అన్నాడు. ఇంకా తియ్యగా ఉంది. ఇక ఆగలేదు. చెలమ పక్కన ఉన్న బండ ఎక్కి, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఎలుగులు అలా కూర్చోవు అనకండి పిల్లలూ. ఈ ఎలుగు కూర్చుంది.

ముందుగా అడవికోడి పుంజు జుట్టయ్య నీళ్లు తాగి పైకొచ్చాడు.

"ఒరే జుట్టయ్యా, ఇసుక తీసి పో. ఇక్కడ ఇన్‌ఛార్జిని నేను" అన్నాడు బొంతయ్య.

"తీస్తాలే మామా. కానీ నన్ను కూడా ఒక ఇన్‌ఛార్జిని చెయ్యి. సరదా నీ ఒక్కడికేనా?"

"సరే, నువ్వు వరస ఇన్‌ఛార్జివి."

ఇంకేం, జుట్టయ్య మెడ నిక్కించి వరస సర్దడానికి పోయాడు. ఇసుక సంగతే మరిచాడు.

తరవాత కొండముచ్చు తోకరాయుడు వచ్చాడు. "పుంజుకేనా పదవి? నా తోక చూడు ఎంత పొడుగుందో!"

"తోకకూ పదవికీ ఏం సంబంధంరా?"

"వాడి జుట్టుకు ఉన్న సంబంధమే!"

అలా తోకరాయుడు గట్టు ఇన్‌ఛార్జి అయ్యాడు.

మూడోది ముళ్లపంది దబ్బనాలమ్మ. అది వస్తూనే "నాకేమీ ఇవ్వకపోతే నీ బండ మీదే వచ్చి ఒరుసుకుని కూర్చుంటాను" అంది. బొంతయ్య దాని ముళ్ల వైపు చూసి, ఉలిక్కిపడి, గబగబా దాన్ని ఇసుక ఇన్‌ఛార్జిని చేశాడు.

మూడు రోజుల్లో అడవి అంతా జాతరలా తయారైంది. ఉడుత ఎడమగట్టు ఇన్‌ఛార్జి. సాలెపురుగు గాలి ఇన్‌ఛార్జి. నిద్రపోతున్న ఉడుమును లేపి మరీ నిద్ర ఇన్‌ఛార్జిని చేశారు. ఎటు చూసినా కేకలే, ఎటు చూసినా నవ్వులే. అందరూ చెప్పేవాళ్లే, చేసేవాడు లేడు. ఇసుక మాత్రం ఎవరి మాటా వినలేదు. జారుతూనే ఉంది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం చుక్కల దుప్పి పున్నమ్మ వచ్చింది. వెంట నాలుగు రోజుల పిల్ల. దాని కాళ్లు గడ్డిపరకల్లా వణుకుతున్నాయి. నీళ్లు లేక తల్లికి పాలు ఎండిపోయాయి. ఇంకో చోట నీళ్లు కావాలంటే రెండు కొండలు దాటాలి. ఆ పిల్లకు ఒక్క కొండ దాటే ఓపిక కూడా లేదు.

చూస్తే చెలమ అంచుదాకా ఇసుకతో పూడిపోయి ఉంది.

"నీళ్లేవి?" అంది పున్నమ్మ. "ఇక్కడ ఇన్‌ఛార్జి ఎవరు?"

జుట్టయ్య మెడ నిక్కించి ముందుకొచ్చాడు.

"నాది వరస అత్తా. వరస బ్రహ్మాండంగా ఉంది, కావాలంటే చూసుకో" అన్నాడు జుట్టయ్య.

"నాది గట్టు. గట్టు ఎక్కడికీ పోలేదు" అన్నాడు తోకరాయుడు.

"నాది ఇసుక. కావలసినంత ఉంది" అంది దబ్బనాలమ్మ.

ఉడుము ఒక కన్ను తెరిచి, మళ్లీ మూసుకుంది.

కొమ్మ మీద సుద్దులమ్మ ముక్కు కరుచుకుంది. "ఊళ్లోనూ ఇంతే. ఏదైనా చెడిపోగానే ఎవరో ఒకరు వచ్చి 'ఇన్‌ఛార్జి ఎవరు' అని ఇలాగే అడుగుతారు. అందరూ కిటికీ వైపు చూస్తారు. ఆ సంగతి చెప్పడం మరిచాను మామా."

బొంతయ్య నోటిదాకా కూడా ఒక మాట వచ్చింది. 'నాది ఈ బండ వరకే' అందామనుకున్నాడు. అంతలో దుప్పిపిల్ల కాళ్లు ముడుచుకుని కూలబడింది. తడి ఎక్కడుందో అని మూతి ఇసుకలో పెట్టి వెతుక్కుంది. ఎండిన ఇసుక దాని మూతికి అంటుకుంది.

బొంతయ్య బండ మీదినుంచి జారాడు.

"నేనమ్మా. ఇన్‌ఛార్జిని నేనే. నీళ్లు పోయింది నావల్లే" అని గుంటలో దిగాడు.

ఇక చూడాలి! ఇసుక వానలా లేచింది. జుట్టయ్య జుట్టు నిండా ఇసుక, తోకరాయుడి నోటి నిండా ఇసుక. బొంతయ్య మోకాలిదాకా తవ్వాడు, పొడి. నడుందాకా తవ్వాడు, పొడి. రెండు గోళ్లు విరిగాయి. గుప్పెడు తీస్తే పైనుంచి చేటెడు ఇసుక జారుతోంది.

"చల్లబడ్డాక చూద్దాం మామా" అన్నాడు తోకరాయుడు.

"చల్లబడేదాకా ఆ పసిది ఉంటుందా?" అని బొంతయ్య రొప్పుతూ తల ఎత్తాడు. "ఒక్కడి వల్ల కావడం లేదు. తలో చెయ్యి వెయ్యండి నాయనా, మీ కాళ్లు పట్టుకుంటాను."

మూడు రోజులుగా అరిచినా కదలనివాళ్లు ఆ మాటకు బిలబిలమంటూ దూకారు. పుంజు కాళ్లతో చిమ్మాడు. కొండముచ్చు దోసిళ్లతో ఎత్తిపోశాడు. దబ్బనాలమ్మ గుంట అంచున అడ్డంగా పడుకుని జారే ఇసుకను ఆపింది. "దాని మీద మాత్రం కూలబడకండిరోయ్!" అని ఉడుత అరిస్తే అంతమంది కష్టంలోనూ నవ్వారు.

మెడ లోతులో ఇసుక నల్లబడింది. ఆ తరవాత తడిసింది. ఇంకాసేపటికి బొంతయ్య పాదాల చుట్టూ నీళ్లు చల్లగా ఊరాయి.

తోకరాయుడు దుప్పిపిల్లను ఎత్తి లోపలికి దించాడు. అది గటగటా తాగింది. పొట్ట చిన్న కుండలా అయింది. తాగడం అయ్యాక పైకి రావడానికి దారి వెతికింది. ఒకటే దారి కనపడింది. బొంతయ్య మోకాలి మీద ఒక కాలు, భుజం మీద ఒక కాలు, నెత్తి మీద ఒక కాలు పెట్టి, ఒక్క దూకుడులో తల్లి దగ్గర పడింది.

"అయ్యయ్యో! ఇన్‌ఛార్జి గారి నెత్తి మీద కాలు!" అని జుట్టయ్య గుండె బాదుకున్నాడు.

"కాళ్లలో బలం వచ్చిందిరా" అన్నాడు బొంతయ్య నెత్తి తడుముకుంటూ. "ఏదీ, ఇంకోసారి తొక్కమను."

నీతి: పెద్దరికం ఎవరైనా కోరుకుంటారు, పని చెడినప్పుడు 'పూచీ నాది' అని ముందుగా గుంటలో దిగినవాడికే అది దక్కుతుంది.