రాయకూడని మాటలు

ఉప్పుమడుల్లో పనిచేసే ద్యావమ్మ రోజూ పొద్దున్నే తడి ఇసుక మీద ఒక కొత్త పాట రాసేది. చనిపోయిన తల్లి మబ్బును మొయిలు అని, పిల్లగాలిని తెమ్మెర అని, పరిమళాన్ని నెత్తావి అని పలికేది; అలాంటి మాటల్ని పాటలో పొదిగి, నోరారా చదువుకునేది. అప్పుడు తల్లి గొంతే వినిపించినట్టుండేది.

జనమూ ఆ మాటలు నేర్చుకోవడం ఆస్థాన పండితుడు సోమయాజికి గిట్టలేదు. "ఇవి మోటు మాటలు ప్రభూ. ఎంతటివారు రాసినా చేయి నరికించాలి" అని రాజును ఒప్పించాడు.

భటులు ద్యావమ్మను సభకు తెచ్చారు. ఆమె చేయి చాచింది.

"మా అమ్మ పలికిన మాటలే రాశాను, నరికించండి దొరా. కానీ తెలియక రేపు ఇంకొకరు రాస్తారు. వాళ్ల చేతులైనా మిగిలేలా, ఏ మాటలు రాయకూడదో శాసనంలో రాయించి చాటించండి."

రాజుకు అది న్యాయమే అనిపించింది. "రాయండి సోమయాజిగారూ" అన్నాడు.

పండితుడు గంటం అందుకున్నాడు. తాటాకుకు ఆనించబోయి, తన చేతివంక చూసుకుని ఆగిపోయాడు.

"ప్రభూ, రాస్తే నా చేయి కూడా..."

రాజు ఆ తాటాకు తీసి పక్కన పెట్టాడు.

"రాయలేని శాసనం నాకెందుకు? అమ్మా, మొయిలు అనే మాటను మీ అమ్మ ఎలా పలికేది? ఒక్కసారి వినిపించు" అన్నాడు.

ద్యావమ్మ కళ్లు తుడుచుకుని, మెల్లగా పలికింది.