బస్తరు వెళ్లిన గోదావరి

"పిల్లల్ని నమ్మాలాండీ, కాపలా కాయాలాండీ?" అని కిరీటి మాస్టారు అడిగేసరికి వెంకటరత్నమ్మగారు వరండాలో కూర్చుని కందికాయలు వలుస్తున్నారు. పరీక్షల రోజుల్లో ఆవిడ చేసే పని అదొక్కటే.

సాలూరు దారిలో, కొండ పక్కన, ఆవిడ సొంతంగా నడిపే బడి అది. నాలుగు నుంచి ఏడు దాకా నాలుగే తరగతులు. ఏడు కాగానే పిల్లలు పెద్ద బళ్ల ప్రవేశ పరీక్షలకు కూర్చుంటారు. ఆ ప్రశ్నపత్రాలు ఎంత గట్టివంటే, ఒకటి చూసి సాక్షాత్తు సరస్వతీదేవే వీణ కింద పెట్టి మంచినీళ్లు అడిగిందని అక్కడ చెప్పుకుంటారు. అంత చదువు చెప్పే బళ్లోనూ పరీక్ష గదిలో పెద్దవాళ్లెవరూ ఉండరు. తలుపు బార్లా తీసి ఉంటుంది, ఆవిడ బయట కందులు వలుచుకుంటూ ఉంటారు. చూసి రాసినట్టు తేలితే మాత్రం మర్నాడే ఇంటికి. ఇన్నేళ్లలో అలా వెళ్లిన పిల్ల గానీ పిల్లాడు గానీ లేరు. వలిచిన కందులు మాత్రం మూడు జిల్లాలకు పప్పు వండి పెట్టగలిగినన్ని పోగయ్యాయి.

బి.ఇడి. పట్టా చేతికి రాగానే, చదువు చెప్పడమంటే ఏమిటో ఈవిడ దగ్గరే నేర్చుకోవాలని వచ్చినవాడు కిరీటి. ఇప్పుడు అతని చేతిలో ఏడో తరగతి జవాబు పత్రాలు రెండు ఉన్నాయి.

"ఇది సుగుణది. ఇది పైడితల్లిది. పక్కపక్కనే కూర్చుని రాశారు. గోదావరి చూడండి."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూశారు. నాసిక్ దగ్గర పుట్టి భద్రాచలం దాకా బుద్ధిగా నడిచొచ్చిన గోదావరి, అక్కడ రాముడికి ఒక దణ్ణమైనా పెట్టకుండా ఎగిరి గంతేసి, బస్తరు అడవుల్లో షికారు కొట్టి, ఆకలి గుర్తొచ్చినట్టు రాజమండ్రిలో దిగింది. రెండు కాగితాల్లోనూ అదే గంతు, అదే షికారు.

"ఇంత వింత తప్పు రెండు బుర్రల్లో విడివిడిగా పుడుతుందాండీ?" అన్నాడు కిరీటి. "సుగుణ తెలివైన పిల్ల, ఏదో పొరబడింది. ఇది దాన్ని చూసి దించేసింది."

"మిగతా వాళ్లవో?"

"ఇంకెక్కడి మిగతావండీ! ఈ రెండూ చూడగానే ఒళ్లు మండి వచ్చేశాను."

పైడితల్లి అప్పటికే తరగతి గుమ్మంలో నిలబడి ఉంది. గట్టిగా తుమ్మితే కొండ అవతల పడేంత సన్నటి పిల్ల. వాళ్ల ఊళ్లో చదువు అయిదో తరగతితో సరి. ఈ బళ్లో చేర్చేదాకా మెతుకు ముట్టనని భీష్మించుకుంటే, ఊరు ఊరంతా, మేకలతో సహా, వచ్చి తినమని బతిమాలిందట. సాయంత్రాలు ఆ పిల్లని కూర్చోబెట్టి పాఠాలు చెప్పింది కిరీటే. అందుకే అతనికి మరీ కాలింది.

"నాను సూసి రాయనేదు సార్," అంది పైడితల్లి, గౌను అంచు నలుపుతూ. "నన్ను ఇంటికి పంపీసేస్తారా?"

కిరీటి తల పక్కకు తిప్పుకున్నాడు.

వెంకటరత్నమ్మగారు ఒడిలో తొక్కలు దులుపుకుని లేచారు. "గోదావరి నాకూ సరిగ్గా గుర్తులేదు నాయనా. ఓసారి బోర్డు మీద గీసి చూపించు. పిల్లలంతా ఉన్నారుగా, పద."

ఇదేం అడగడమో కిరీటికి అర్థం కాలేదు. అయినా వెళ్లాడు. ఆ బోర్డు ఎంత పాతదంటే, దాని మీద మొదటి పాఠం రాతియుగం వాళ్లు విన్నారని పిల్లల నమ్మకం. సుద్దముక్క తీసుకుని, రోజూ గీసినట్టే దేశపటం గీసి, నాసిక్ దగ్గర మొదలుపెట్టి నదిని భద్రాచలం దాకా తెచ్చాడు.

"అక్కడ ఆగు," అన్నారావిడ. "చెయ్యి కదపకు. తల తిప్పి వెనక్కి చూడు."

ఆ పిల్లలకు ఒక అలవాటుంది. మాస్టారు బోర్డు మీద గీస్తుంటే, వాళ్లు చూపుడువేలు ఎత్తి గాలిలో గీస్తారు. ఎప్పుడూ వీపే పిల్లల వైపు ఉండే కిరీటి ఆ సంగతి ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు. అతని సుద్ద ఆగింది గానీ వాళ్ల వేళ్లు ఆగలేదు. భద్రాచలం దగ్గర తరగతి తరగతంతా ఒక్కసారిగా వేళ్లు ఎగిరి గంతేసి, బస్తరంతా షికారు కొట్టి, వయ్యారంగా రాజమండ్రిలో దిగాయి. గుమ్మంలో కళ్లు తుడుచుకుంటున్న పైడితల్లి కూడా, రెండో చేతి వేలితో అదే గోదావరిని గీసింది.

"ఆగిపోనారేటి సార్?" అన్నాడు వెనక బెంచీలోంచి ఎవడో. "ఇప్పుడు ఎగరాల కదా!"

కిరీటి బోర్డు వైపు తిరిగాడు. సుద్దముక్క ముందు, సరిగ్గా నది దిగాల్సిన చోట, అరచెయ్యంత పెచ్చు ఊడిపోయి గుంట పడి ఉంది. అందులో పడితే సుద్ద విరుగుతుంది. విరగకుండా రోజూ పైనుంచి చుట్టి వస్తున్నట్టు అతని చేతికి తెలుసు. అతనికే తెలియదు.

అతను నెమ్మదిగా గుమ్మం దాకా వెళ్లి, ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అట్లాసు ఉంది కదమ్మా. అందులో ఇలా లేదుగా. చూసుకోలేదా?"

"సూసాను సార్," అంది పైడితల్లి. "అట్లాసోళ్లు తప్పు ఏసినారనుకున్నాను."

కిరీటి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి సుగుణ పక్కన కూర్చోబెట్టి, వెంకటరత్నమ్మగారి వైపు తిరిగాడు.

"మరి మార్కులు ఎలా వెయ్యమంటారండీ?"

"మార్కులు నీ ఇష్టం నాయనా," అన్నారావిడ, వరండాలోకి నడుస్తూ. "నదిని మాత్రం నువ్వే దారిలో పెట్టాలి. నేను చెబితే వీళ్లు నమ్మరు."