సీలయ్య నీళ్లు

అనగనగా ఒక ఏరు. పేరుకే ఏరు, వానొస్తే పారేది, రాకపోతే ఇసుక. ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఊరికి కింద దిక్కున ఒక పల్లె. ఎప్పటి మాట అని అడక్కండి. మా తాతలు వాళ్ల తాతల దగ్గర విన్నారు, నేను మా తాతల దగ్గర విన్నాను, ఇప్పుడు మీరు వింటున్నారు.

ఆ పల్లెలో పోలయ్య అని ఒకడుండేవాడు. మోట తోళ్లు కుట్టడం అతని పని. ఎద్దులను కట్టి బావిలోంచి నీళ్లు తోడతారే, ఆ తోలు సంచులు. అతను కుట్టిన తోలు చుక్క కూడా కార్చదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. జాతరొస్తే డప్పూ అతనిదే. వాళ్ల నాయన కాలం నుంచీ అంతే.

ఒక ఎండాకాలం చిరిగిన గొడుగు వేసుకుని ఒక ఉపదేశి ఆ పల్లెకొచ్చాడు. చెప్పు తెగితే కుట్టించుకుందామని పోలయ్య ముందు కూర్చున్నాడు. కుడుతున్నంతసేపూ యేసుస్వామి సంగతి చెప్పాడు. ఆ స్వామి చేతుల్లో మేకులు దించారని చెప్పేసరికి పోలయ్య తోలు కుట్టే ఆరె పక్కన పెట్టి తన చేతులు చూసుకున్నాడు. చిన్ననాటి నుంచీ ఆరె దిగిన మచ్చలే అరచేతుల నిండా.

"అయితే నా చేతుల సంగతి ఆయనకు తెలుస్తుంది," అన్నాడు.

వానలొచ్చి ఏరు పారగానే బాప్తిస్మం తీసుకున్నాడు. పోలయ్య సీలయ్య అయ్యాడు. ఆలి లేయమ్మ అయింది. బావమరిది జకరయ్య అయ్యాడు. పల్లెలో సగం ఇళ్లు వాళ్ల వెంట నడిచాయి. అందరూ కలిసి తాటాకులతో ఒక ప్రార్థన పాక వేసుకున్నారు. సీలయ్యకు చదువు రాదు. వచ్చింది ఒక్క పాట, ఒక్క ప్రార్థన. పొద్దు వాలితే పాకకు మొదట వచ్చేది అతనే, చివర వెళ్లేదీ అతనే.

తర్వాత కరువొచ్చింది. ఒక ఏడు వాన రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. ఆ మీదటి ఏడు మబ్బు కూడా రాలేదు.

ఊరి మునసబు చెడ్డవాడు కాదు. భయపడ్డవాడు. పల్లెవాళ్లు పాత దేవతలను విడిచారు గనకే వాన మొహం చాటేసిందని ఊళ్లో గుసగుసలు పుట్టాయి. అవి మునసబు చెవిన పడ్డాయి. సీలయ్యను పిలిపించాడు. జాతరలో మునుపటిలా డప్పు కొట్టమన్నాడు, ఆ పాకకు పోవడం మానమన్నాడు. మానితే తన గాదెలోంచి గింజలు కొలిపిస్తానన్నాడు.

సీలయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. అప్పుడన్నాడు:

"నేను పట్టుకున్న చెయ్యయితే వదిలేద్దును దొరా. నన్ను పట్టుకున్న చెయ్యి. ఎట్లా విదిలించుకునేది?"

మునసబుకు కోపమొచ్చింది. ఆ పల్లెకు బావి లేదు. ఊరి బావి దగ్గర కడవలతో నిలబడితే, తోడేవాళ్లు దూరం నుంచి పోసేవాళ్లు. పాకకు పోయేవాళ్లకు చుక్క కూడా పొయ్యొద్దని మునసబు చాటింపు వేయించాడు. వాళ్లకు మిగిలింది ఏటి ఇసుకలో గుంత తవ్వితే ఊరే చెలమ నీళ్లే.

ఆకలిని ఓర్చుకోవచ్చు, దాహాన్ని ఓర్చుకోలేం. ఒక ఇల్లు పాకను విడిచింది. ఇంకో ఇల్లు విడిచింది. చివరికి జకరయ్యా విడిచాడు. తనకు కొలిచిన గింజల్లోంచి ఒక చేటెడు జొన్నలు తెచ్చి అక్క ముందు పెట్టాడు. తల ఎత్తకుండా సీలయ్యతో అన్నాడు:

"మగోడివి. ఇంట్లో పొయ్యి వెలిగించలేని మగోడికి దేవుడెందుకు బావా?"

ఆ మాట సీలయ్యకు ఆరెలా దిగింది. నిజమే కదా అనిపించింది. అయినా ఆ మాటే చెప్పాడు. "నేను పట్టుకున్న చెయ్యయితే వదిలేద్దును అబ్బీ. నన్ను పట్టుకున్న చెయ్యి." ఈసారి గొంతు కాస్త తగ్గింది. జొన్నలు వద్దనలేదు. లేయమ్మ అంబలి కాచింది, ఇద్దరూ తాగారు. పాకను విడిచినవాళ్లను అతనెప్పుడూ ఒక్క మాట అనలేదు. ఎవరైనా ఎత్తితే, అది వాళ్లు కాదు, వాళ్ల పిల్లల కడుపులు అనేవాడు.

ఆ ఎండల్లోనే లేయమ్మకు జ్వరం పట్టుకుంది. నాలుక పిడచకట్టుకుపోయింది. "ఏమయ్యా, గుక్కెడు నీళ్లు," అంది. ఇంట్లో కడవ బోర్లించి ఉంది. సీలయ్య కడవెత్తుకుని ఏటికి పరుగెత్తాడు. ఇసుకలో చెలమ తోడుకున్నాడు. చెలమ తొందరగా ఊరదు. దోసిలి దోసిలి ఊరుతుంది, దోసిలి దోసిలి కడవలో పోస్తాడు. పోస్తూనే, నాయనా తొందరగా ఊరనియ్యి అని వేడుకుంటాడు. కడవ సగమయ్యాక ఇంటికొచ్చి చూస్తే, గుమ్మంలో జకరయ్య నిలబడి ఏడుస్తున్నాడు. నీళ్లు వచ్చాయి గానీ తాగే మనిషి లేదు.

ఆమెను ఇద్దరే మోసి మట్టి చేశారు, సీలయ్య, జకరయ్య.

ఆ పొద్దు వాలాక సీలయ్య పాకకు వెళ్లాడు. పాట ఎత్తబోతే రాలేదు. ప్రార్థన నోట్లోనే ఆగిపోయింది. "నన్ను నిజంగా పట్టుకున్నావా?" అని మాత్రం అడిగాడు. ఎవరూ పలకలేదు. తాటాకులు గలగలమన్నాయి. లేచి ఇంటికొచ్చాడు. మరునాడు కూడా వెళ్లాడు, పాట లేకుండా కూర్చుని వచ్చాడు. ఆ మరునాడూ అంతే. కోపంతోనే వెళ్లాడు, కోపంతోనే వచ్చాడు. కానీ వెళ్లడం మానలేదు.

కరువు వెనకాలే గత్తర వచ్చింది. వాంతులూ విరేచనాలూ పట్టుకుని మనుషులు రాలిపోతున్నారు. నడవగలిగినవాళ్లు ఊరు విడిచి పొలాల్లోకి పారిపోయారు. నడవలేనివాళ్లు మంచాల మీద మిగిలిపోయారు. పల్లె దాకా వాళ్ల మూలుగులు వినిపించేవి. అన్ని గొంతులూ అడిగేది ఒకటే: నీళ్లు.

ఆ మాట సీలయ్య వినలేకపోయాడు. చెలమ నీళ్లు తెచ్చి కాచాడు. జొన్న గంజిలో ఉప్పేసి కడవలో పోసుకుని ఊళ్లోకి నడిచాడు. ఏ వీధిలో అతను చెప్పులేసుకుని నడవకూడదో ఆ వీధిలోకే నడిచాడు. ఆపేవాళ్లు లేరు. ఒక ముసలమ్మ నోట్లో పోశాడు. ఒక బాలింత నోట్లో పోశాడు. నీదే కులం అని ఎవరూ అడగలేదు.

మునసబు ఇల్లు వీధి మధ్యలో ఉంది. లోపలి నుంచి మూలుగు వినిపించింది. సీలయ్య ఆగలేదు, దాటిపోయాడు. మళ్లీ కడవ నింపుకుని వచ్చినప్పుడు ఆ వాకిట్లో కాళ్లు ఆగాయి. లేయమ్మ కళ్లముందు మెదిలింది. మళ్లీ దాటిపోయాడు. మూడోసారి వచ్చేసరికి మూలుగు బాగా సన్నగిల్లింది. సీలయ్య వాకిట్లో కడవ దించి నిలబడ్డాడు. ఏం ప్రార్థించాడో ఎవరికీ తెలియదు. ప్రార్థించాడో, తిట్టుకున్నాడో కూడా తెలియదు. కడవెత్తుకుని గడప దాటాడు.

మునసబు ఒక్కడే మంచంలో ఉన్నాడు. సీలయ్య అతని తల కింద చెయ్యి పెట్టి లేపి గంజి తాగించాడు. గుక్క దిగాక మునసబు కళ్లు తెరిచి గుర్తుపట్టాడు.

"నువ్వెందుకొచ్చావురా?" అన్నాడు.

"రావాలని రాలేదయ్యా. రెండుసార్లు దాటిపోయాను," అన్నాడు సీలయ్య. "మా ఆడది నీళ్లు నీళ్లంటూ పోయింది. ఇంకెవరూ ఆ మాటంటూ పోకూడదు. మీరైనా సరే."

మునసబు కళ్ల వెంట నీళ్లు కారాయి. సీలయ్య తుడవలేదు, ఓదార్చలేదు. ఇంకో గుక్క పోశాడు. బయటికొచ్చి వీధిలో నడుస్తుంటే లేయమ్మ పోయిన తర్వాత మొదటిసారి నోట్లోంచి పాట వచ్చింది. తనకొచ్చిన ఆ ఒక్క పాటే. మంచాల మీది వాళ్లు విన్నారు.

మునసబు బతికాడు. చాలామంది బతికారు. గత్తర మాత్రం పోతూ పోతూ సీలయ్యను తీసుకుపోయింది. జకరయ్య ఒళ్లో తల పెట్టుకుని, అతను దోసిలితో పోసిన నీళ్లు తాగి కన్నుమూశాడు. పాకను విడిచినవాళ్లందరూ వచ్చారు. పాట మరిచిపోయామనుకున్నారు గానీ, జకరయ్య ఎత్తుకుంటే అందరికీ వచ్చింది. మునసబు చెప్పులు విడిచి శవం వెనక నడిచాడు. అతను మతమేమీ మారలేదు. కానీ ఆ ఏడే పల్లెలో బావి తవ్వించాడు. మొదటి పలుగు దెబ్బ జకరయ్యతో వేయించాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో, ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. ఎవరు మంచం పట్టినా, ఆ ఇంటితో మాటల్లేని ఇల్లేదో ఆ ఇంటి నుంచే మొదటి చెంబు నీళ్లు రావాలి. వాటిని సీలయ్య నీళ్లంటారు. తెచ్చిన మనిషి మాట్లాడక్కర్లేదు. తాగే మనిషి దండం పెట్టక్కర్లేదు. గుమ్మంలోకి చెంబు రాగానే ఇంట్లోవాళ్లు పక్కకు తప్పుకుని దారిస్తారు. ఆ చెంబుతో కొన్ని పగలు తీరాయి. కొన్ని తీరలేదు. గట్టు తగాదా ఉన్న అన్నదమ్ములు మంచం దిగిన మర్నాడే మళ్లీ మొహాలు తిప్పుకున్న రోజులూ ఉన్నాయి.

కానీ నీళ్లు తెచ్చేవాళ్లు తెస్తారు. తాగేవాళ్లు తాగుతారు.