గుమ్మడిదుర్గానికి లినక్స్ వచ్చిన వైనం

గుమ్మడిదుర్గం రాజు వీరకిశోర భూపతికి ఆకలేసినప్పుడు అడ్డుపడినవాడు బతికి బట్టకట్టడు. అలాంటిది ఒక మధ్యాహ్నం కంప్యూటరే అడ్డుపడింది.

ఆ కోటలో వంటశాలకు ఏ ఆజ్ఞయినా కంప్యూటరులోంచే వెళ్లాలి. రాజుగారు గుత్తివంకాయ కూర చెయ్యమని రాయబోయేసరికి తెర మీద ఓ చక్రం గిర్రున తిరగడం మొదలెట్టింది. "అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి ఆగండి" అంది. చక్రం తిరుగుతూనే ఉంది. వంటవాళ్లు పొయ్యిలార్పి ఇళ్లకు పోయారు.

"నా కోటలో నన్నే ఆగమంటుందా?" రాజు సింహాసనం మీంచి దిగ్గున లేచాడు. "ఈ దరిద్రాన్ని పీకి పారెయ్యండి! ఇకమీదట కోటంతా లినక్స్!"

సభ చప్పట్లు కొట్టింది. లినక్స్ అంటే ఏమిటని అడిగిన మొనగాడు ఒక్కడూ లేడు.

ఆస్థాన యంత్రపండితుడు త్రిలోచనాచార్యులు మీసం మెలేస్తూ ముందుకొచ్చాడు.

"ప్రభూ, కంప్యూటరును నడిపించే ఈ లినక్స్ అంటే ఒకటి కాదు. బోలెడు రకాలు, వాటిని డిస్ట్రోలంటారు. ఇక తెర మీది ముస్తాబుంది చూశారూ, డెస్క్‌టాప్, అదీ తీరుకొకటి. అన్నిట్లోకీ గొప్పది వజ్రముష్టి! ముక్కముక్కా మన చేత్తోనే పేర్చుకోవాలి. నొక్కడానికి బొమ్మలుండవు. నల్లతెర మీద ఆజ్ఞలు టైపు చెయ్యాలి. వీరులు వాడేది అదే!"

వీరులనగానే రాజు ఛాతీ ఉబ్బింది.

విదూషకుడు సోమలింగానికి మాత్రం ఒళ్లు మండింది. వంటశాల పెద్ద కామాక్షమ్మ చేతికి ఆ నల్లతెర ఇస్తే కోటకంతా పస్తే. ఆకలంటే ఏమిటో తెలిసినవాడు నోరుమూసుకుని ఎలా ఉంటాడు?

"అన్నం పెట్టమంటే వరినాట్లు నేర్పుతానంటావేమయ్యా ఆచార్యా?"

"లినక్స్ గురించి నీకేం తెలుసోయ్, వెటకారం తప్ప?"

"ఏమీ తెలీదు. రోజూ వాడుకునేవాడికి పని జరిగేది కావాలని మాత్రం తెలుసు."

"అయితే దాని పేరు చెప్పు!"

"రేపు చెబుతాలే!" అన్నాడు సోమలింగం. రాజుకు సరదా పుట్టింది.

"సరే! రేపు సభలో ఇద్దరూ చెరొకటి చూపండి. ఓడినవాడు మీసం గొరిగించుకుని ఏనుగుశాలలో పేడ ఎత్తాలి."

సోమలింగం తన మీసం తడుముకున్నాడు. ఆ మీసం లేకపోతే ఇంట్లో కుక్క కూడా తనను గుర్తుపట్టదు. ఊళ్లో కంప్యూటర్లు తెలిసిన వాళ్లందరి దగ్గరికీ పరిగెత్తాడు. ఎవడి డిస్ట్రో వాడికి బంగారం, పక్కవాడిది ఇత్తడి. మీటలుండే పట్టీ తెరకు పైనుండాలా కిందుండాలా అని ఇద్దరైతే జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. వాళ్లను విడదీసి, సోమలింగం ఉత్తచేతులతో ఇంటికొచ్చాడు.

మర్నాడు ఆచార్యులు వజ్రముష్టి తెరిచాడు. తెర మూలన చంద్రుడు వెలుగుతున్నాడు, వెనకాల చేపలు ఈదుతున్నాయి. సభ నోరెళ్లబెట్టింది.

"బాగుందయ్యా! ఇప్పుడు పులిహోరకు ఆజ్ఞ పంపు" అన్నాడు రాజు.

ఆచార్యులు జానెడు వాక్యం టైపు చేశాడు. తెర "తప్పు" అంది. ఎక్కడో చుక్క మరిచాడట. మళ్లీ కొట్టాడు. ఈసారి చేపలు మాయమయ్యాయి.

"కాస్త ఓపిక పట్టాలి ప్రభూ. శబ్దం వచ్చే ముక్క పేర్చడం మరిచాను."

"పులిహోరకు శబ్దమెందుకయ్యా?"

"వీరులకు ఓపికే అలంకారం ప్రభూ!"

పాపం, రాజు వీరుడిలా నిటారుగా కూర్చుని ఆకలిని మింగాడు. "సోమలింగం, నీదేదీ?"

సోమలింగం కండువాతో కళ్లొత్తుకున్నాడు.

"నాది తర్వాత చూద్దురుగాని ప్రభూ. ముందు ఆచార్యులవారి తల్లి సుభద్రమ్మగారి కష్టం వినండి. ఈ వజ్రముష్టితో వేగలేక ఆ ముసలావిడ కంప్యూటరు ముందు కూర్చుని కుమిలిపోతోందట. మనవరాలి మొహం తెర మీద చూసి ఎన్నాళ్లయిందో! కన్నతల్లిని ఇంత ఏడిపించే కొడుకుంటాడా అని ఊరంతా..."

"ఏ వెధవ కూశాడా మాట?" ఆచార్యులు గంతేశాడు. "మా అమ్మ కంప్యూటరు ఒక్కనాడూ మొరాయించలేదు! పొద్దున్నే తెరిచి పంచాంగం చూసుకుంటుంది, మనవరాలితో మాట్లాడుతుంది!"

"ఎంత మాటన్నారు! చత్వారంతో ఆవిడ ఇన్ని ఆజ్ఞలు టైపు చేస్తుందంటే నమ్మమంటారా?"

"ఆజ్ఞలెందుకయ్యా, తెలివితక్కువవాడా! ఇంతింత లావు అక్షరాలు, కింద ఒక పట్టీ, మూలన ఒక మీట! నొక్కితే పని అయిపోతుంది. మా అమ్మకు నేను పెట్టింది వజ్రముష్టి కాదు, పూలబాట!"

ఆచార్యులు చటుక్కున నోటికి చెయ్యి అడ్డుపెట్టుకున్నాడు.

సోమలింగం చేతులు జోడించాడు. "నా ఎంపిక కూడా పూలబాటే ప్రభూ. ఆచార్యులవారే స్వయంగా పరీక్షించారు."

"అది... అది వట్టి చవకబారుది ప్రభూ!" ఆచార్యులు తడబడ్డాడు. "వీరులకు తగదు!"

సోమలింగం అతని వైపు తిరిగాడు.

"చవకబారుదని తెలిసే కన్నతల్లికి అంటగట్టావా, మంచిదని తెలిసీ ప్రభువుల దగ్గర దాచావా? ఏదో ఒకటి ఒప్పుకో ఆచార్యా!"

ఏది ఒప్పుకున్నా ఆచార్యులకు తప్పే. చివరికి తన మీసాన్ని తానే ఒకసారి ఆప్యాయంగా నిమురుకున్నాడు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిలవండి మంగలిని! కోటంతా పూలబాటే పెట్టండి. సోమలింగం, ఏం కావాలో కోరుకో!"

"మరేం వద్దు ప్రభూ. ఏనుగుశాల కంప్యూటరులో మాత్రం వజ్రముష్టే ఉండనివ్వండి. ఆచార్యులవారికి పొద్దుపోవాలి కదా! ఏనుగుల మేతకు ఆయనే టైపు చేసి ఆజ్ఞలు పంపుతారు."

"ఒద్దురా నాయనా! ఏనుగులేం పాపం చేశాయి?" అని రాజు పడీపడీ నవ్వుతూ మెడలోని ముత్యాల హారం తీసి సోమలింగం మెడలో వేశాడు.