కన్నబిడ్డల్లా చూస్తామన్న రాజు

గోదావరి పాయ పక్కన, పడవలకు పేరుపడ్డ రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని రణధవళుడనే రాజు ఏలేవాడు. అతని కార్ఖానాలో కట్టిన పడవలు వరదకు కూడా లొంగవని దూరదేశాల వర్తకులు వచ్చి కొనుక్కునేవారు.

నిజం చెప్పాలంటే రాజు పనివాళ్ళను బాగానే చూసేవాడు. ఎవరైనా పలక తప్పుగా కోస్తే కేకలు వేయడు. పక్కకు పిలిచి, ఎక్కడ ఇబ్బంది వచ్చిందని అడుగుతాడు. అన్నం తింటున్నవాణ్ణి లేపడు. బాగా చేసినవాణ్ణి నలుగురిలో మెచ్చుకుంటాడు. చేసిన మంచి కన్నా దాని గురించి చెప్పుకునేది ఎక్కువ, అదొక్కటే చిక్కు.

రాజును ఎత్తుకుని పెంచిన దాది కోనమ్మ. నోటి చమత్కారం వల్ల ఆమెకు సభలో కూడా ఒక పీట ఉండేది. మనుషుల పేర్లు మరిచిపోయే వయసు వచ్చింది ఆమెకు. కానీ మొన్నటి విందులో రాజకుమారి వకుళ ముఖం మాత్రం కళ్ళముందు నుంచి కదలడం లేదు.

ఆ పసిపిల్ల పొరుగు రాయబారి ముందు పద్యం అప్పజెబుతూ సగంలో ఆగిపోయింది. రాజు అందరిముందూ తిట్టాడు. పొరుగు రాజు కూతురితో పోల్చాడు. పిల్ల ఏదో చెప్పబోతే నోరు మూయమన్నాడు. విస్తరి ముందు నుంచి లేపేశాడు. పౌర్ణమి వెళ్ళగానే కొండకోటలో బెత్తానికి పేరుమోసిన గురువు దగ్గరికి పంపేస్తానన్నాడు. అప్పటినుంచి పిల్ల మాట్లాడటమే మానేసింది.

ఆ తర్వాత సభలో రాజు మీసం దువ్వుకుంటూ రాయబారితో అన్నాడు: "మా పనివాళ్ళను కన్నబిడ్డల్లా చూస్తాం. మా పడవల రహస్యం అదే."

కోనమ్మకు ఒళ్ళు మండిపోయింది. పీట మీంచి లేచింది.

"తమరు వాళ్ళను ఎన్నడూ కన్నబిడ్డల్లా చూడలేదు ప్రభూ. కార్ఖానా ఒక్కపూట నాకు వదలండి. ఎలా చూడాలో చూపిస్తాను."

సభ బిత్తరపోయింది. రాయబారి ముందు వెనక్కి తగ్గడం రాజుకు నామోషీ. "సరే చూపించు దాదీ. తప్పు నాదని తేలితే కోరింది ఇస్తాను" అన్నాడు.

తెల్లవారగానే కోనమ్మ కార్ఖానాలో అడుగుపెట్టింది. చద్దన్నం తింటున్న కుర్ర వడ్రంగిని ముద్ద మింగనివ్వకుండా లేపింది. చిత్రిక పడుతున్నవాడి చేతిలోంచి పనిముట్టు లాక్కుని, నీకు చేతకాదు పొమ్మంది. ఒక ముసలి వడ్రంగిని పదిమందిలో నిలబెట్టి, పొరుగు రాజ్యం వడ్రంగుల కాలిగోటికి సరిపోవంది. అతను నోరు తెరవబోతే ఎదురు చెప్పొద్దంది. ఆ మాటల్లో ఒక్కటీ ఆమె సొంతం కాదు. అన్నీ విందులో విన్నవే.

పొద్దు నడినెత్తికి రాకముందే ఉలుల చప్పుడు ఆగిపోయింది. పెద్ద వడ్రంగి సోమాచారి రాజుకు కబురు పెట్టాడు. రాజు పరుగున వచ్చాడు.

"ఈ తల్లి ఉంటే మేం ఉండం ప్రభూ" అన్నాడు సోమాచారి. "పొరుగు రాజ్యం వాళ్ళు ఎప్పటినుంచో పిలుస్తున్నారు."

రాజు మొహం జేవురించింది. "మనుషుల్ని ఇలాగేనా చూసేది? నీకు మతి పోయిందా దాదీ?"

"కన్నబిడ్డల్లా చూశాను ప్రభూ."

"కన్నబిడ్డల్ని ఎవరైనా ఇలా చూస్తారా?"

విందులో దివిటీలు పట్టినవాళ్ళు రాజు వెంట వచ్చి అక్కడే ఉన్నారు. వాళ్ళు తల దించుకున్నారు. అది చూశాక రాజుకు ఆ విందు గుర్తుకొచ్చింది.

కోనమ్మ కోపంగా ఒక అడుగు ముందుకు వేసింది. "వీళ్ళకు కష్టం కలిగితే పొరుగు రాజ్యం ఉంది. వకుళ ఎక్కడికి పోతుంది నాయనా?"

రాజు వెనుదిరిగాడు. తిన్నగా కూతురి గదికి వెళ్ళి, నేలమీద ఆమె పక్కన కూర్చున్నాడు. కోనమ్మ గుమ్మం దగ్గరే ఆగింది.

"ఆ రోజు పద్యంలో ఎక్కడ ఇబ్బంది వచ్చింది తల్లీ?" అని మెల్లగా అడిగాడు.

వడ్రంగి ఎవరైనా వచ్చాడేమోనని పిల్ల వెనక్కి తిరిగి చూసింది. గుమ్మం దగ్గర కోనమ్మ తప్ప ఎవరూ లేరు. అప్పుడు నోరు విప్పింది.

"రాయబారిగారి మీసానికి పులిహోర మెతుకు అంటుకుంది నాన్నగారూ. తల ఊపినప్పుడల్లా ఊగుతోంది. నోరు తెరిస్తే నవ్వొచ్చేస్తుందని ఆపేశాను."

రాజు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. కొండకోట ప్రయాణం రద్దన్నాడు. చేతి కంకణం ఊడదీసి కోనమ్మ చేతికి తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

కోనమ్మ మాత్రం నవ్వలేదు.

"కార్ఖానా అంతా పని మానేస్తే గానీ కూతుర్ని ఒక్క ప్రశ్న అడగడం చేతకాలేదు నీకు. ఇక నాకేం ఇస్తావు? ముందు దానికి అన్నం పెట్టించు. తింటున్నంతసేపూ పద్యాల ఊసెత్తకు."