అసిరమ్మని అడిగి కాలెయ్యి

సముద్రం ఊరికి ఇంకా దూరంగా ఉన్న కాలం. ఊఁ కొడతానంటే చెప్తాను.

ఆ కాలంలో ఒక ఉప్పుపల్లె. పొద్దున ఉప్పుమడిలో వంగినోళ్ళు పొద్దువాలాకే నిలబడేవాళ్ళు. వాళ్ళల్లో అసిరమ్మ ఒకతి. నెమ్మదైన మనిషి. మడిలో ఆమె ఉందో లేదో ఎవరికీ పట్టేది కాదు.

అసిరమ్మకి నడుంలో నొప్పి మొదలైంది. తర్వాత పక్కటెముకల్లోకి పాకింది. ఎవరికి చెప్పినా ఒకటే మాట. ఉప్పు లాగే ఊళ్ళో నడుంనొప్పి లేనోళ్ళెవరు?

మొగుడు గురయ్య ఒకటి గమనించాడు. అందరికీ పడుకుంటే నొప్పి తగ్గుతుంది, ఈమెకి పడుకుంటే ఎక్కువవుతుంది. పని ఎగ్గొట్టడానికి కొత్త నొప్పి కనిపెట్టిందని నవ్వాడు.

ఆడపడుచు రాములమ్మ తల దువ్వుతూ ఒకటి గమనించింది. వదిన కంటిరెప్ప కింద ఎరుపే లేదు, ఉప్పురాయిలా తెల్లగా ఉంది. ఈ ఊళ్ళో రక్తం ఉన్నదెవరికిలే అని జడ అల్లేసింది.

తోటి పనిమనిషి దాలమ్మ గట్టు వెనక ఒకటి గమనించింది. అసిరమ్మ నీళ్ళకి కూర్చుని లేచిన చోట నురగ. ఇసక తడి ఆరినా నురగ ఆరలేదు. "ఏటే అప్పా, కుంకుడుకాయల రసం తాగినావేటి?" అని ఆటపట్టించింది. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు.

ఉప్పు లాగే ఊళ్ళో నడుంనొప్పి లేనోళ్ళెవరు?

నొప్పి తగ్గక గురయ్య సింహాచలాన్ని పిలుచుకొచ్చాడు. సింహాచలం ఎదురుకాళ్ళతో పుట్టినోడు. అంటే తల్లి కడుపులోంచి ముందు కాళ్ళే వచ్చాయన్నమాట. అలాంటోళ్ళు నడుం మీద కాలేస్తే పట్టు వదుల్తుందని అక్కడి నమ్మకం. నిజంగా చాలామందికి వదిలింది కూడా.

అసిరమ్మని బోర్లా పడుకోబెట్టారు. సింహాచలం ఒకసారి కాలేశాడు. పట్టు వదల్లేదు. రెండోసారి వేశాడు. వదల్లేదు. మూడోసారి వేశాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది.

ఆ తర్వాత అసిరమ్మ కాళ్ళు కదల్లేదు.

"నాను బరువెయ్యలేదు, కాలు ఆనించానంతే," అని సింహాచలం గోడకి ఆనుకుని అదే మాట అంటున్నాడు. ఊరు ఊరంతా అతని మీదకెళ్ళింది. గురయ్య ఉప్పు లాగే కర్ర తీశాడు.

ఈలోగా ఏటి అవతల నుంచి వైద్యుణ్ణి తెచ్చారు. ఆయన ఎముకలు మెల్లగా తట్టి చూశాడు. ఇంకేమైనా చూశారా అని ఇంట్లోవాళ్ళని అడిగాడు. గురయ్య చెప్పాడు. రాములమ్మ చెప్పింది. దాలమ్మ ఏడుస్తూ చెప్పింది. ఒకరు చెప్పింది ఇంకొకరు వినడం అదే మొదలు.

ఏదో ఒక్కటే చెప్పుంటే నేనూ నడుం పట్టే అనేవాణ్ణి అన్నాడు వైద్యుడు. మూడూ కలిపితే వేరే. ఎముక లోపలి మూలగ చెడింది, ఎముకని లోపల్నుంచే తినేసింది, రక్తాన్నీ తినేసింది, ఒంట్లోంచి పోయే నీళ్ళనీ వదల్లేదు, ఆ నురగ అందుకే.

"ముందే వస్తే బతికేదాన్నా, బాబూ?" అంది అసిరమ్మ.

"బతికిస్తాననను తల్లీ. కాలు మాత్రం వెయ్యనిచ్చేవాణ్ణి కాదు."

ఆమె గురయ్యకేసి తిరిగింది. "కర్ర దించు. ఆడి కాలు చేసింది కాదిది." తర్వాత సింహాచలాన్ని దగ్గరికి పిలిచింది. "నువ్వు మానీకు తమ్ముడా, నడుం పట్టినోళ్ళు ఊరంతా ఉన్నారు. కాలెత్తే ముందు అడుగు. పడుకున్నోళ్ళని కాదు. సూసినోళ్ళని అడుగు."

వాన పడి మడులు కరిగే లోపే అసిరమ్మ పోయింది. పాడె మోసినోళ్ళు అడుగు అదరకుండా నడిచారట.

ఇప్పటికీ ఆ ఉప్పుపల్లెల్లో కాలేసేవాడు ఒంటికాలి మీద నిలబడి, "అసిరమ్మ అడుగుతోంది," అంటాడు. ఇంట్లోవాళ్ళంతా చుట్టూ చేరతారు. పడుకుంటే తగ్గుతుందా? రెప్ప కింద ఎరుపుందా? నురగ నిలుస్తుందా? ఒక్కరు తడబడినా ఎత్తిన కాలు నేల మీదే దించుతాడు. మనిషిని మంచంతో సహా ఎత్తి ఆసుపత్రికి మోసుకుపోతారు.

దారిలో మంచం కుదిపితే, వెనక నడిచే ఆడోళ్ళు ఇప్పటికీ అంటారు, "మెల్లగా నాయనా, అసిరమ్మ ఉంది."