చిలకని రాబందు చేసిన అట్టబొమ్మ

అనగనగా అని నెమ్మదిగా మొదలుపెట్టే ఓపిక లేదర్రా, ఒళ్ళు మండిపోతోంది! సరే, ఒక రాజుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరూ కొండల్లా ఉండేవాళ్ళు, కొండల్లాగే కదిలేవాళ్ళు కాదు. మూడోవాడు సుకేతుడు ములక్కాడంత మనిషి. తుమ్మితే తనే మూడు గజాలు వెనక్కి పోయేవాడు.

ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు రాకుమారి రత్నవల్లిని బంధించి, అమావాస్యకి పెళ్ళాడతానన్నాడు. ఆమెని విడిపించడానికి సుకేతుడు బయల్దేరాడు.

ఆ రాజ్యంలో ఓ దిక్కుమాలిన ఆచారం. రాకుమారుడు గడప దాటగానే, అతనికి జరగబోయేదంటూ జోస్యులు చెప్పిందంతా పుస్తకం వేసి లోకమంతా పంచేస్తారు. అట్టబొమ్మ వేసే వర్ణాచారి ఒక్క పుట చదివిన పాపాన పోలేదు. ఏం వేశాడనుకున్నారు? స్తంభాలంత తొడలున్న వస్తాదుని! మంచుకొండ మీద, చొక్కా లేకుండా! చేతిలో తాటిచెట్టంత కత్తి, అదీ పదునువైపు పట్టుకుని! గుర్రానికి ఐదు కాళ్ళు! రాకుమారికి చేతిరుమాలంత బట్ట! మాంత్రికుడి ప్రాణమున్న పచ్చని చిలకేమో, బట్టతల రాబందు!

సముద్రపొడ్డున, రాకుమారుణ్ణి వీపు మీద దాటించాల్సిన తాబేలు ఆ పుస్తకం ముందేసుకుని వణుకుతోంది. "జరుగు నాయనా. ఈ వస్తాదు ఎక్కితే నా డిప్ప పగిలిపోతుంది."

"ఆ వస్తాదుని నేనే, తాతా."

"నువ్వా!" అని ఏడు సముద్రాలూ ఒక్క ఈతలో దాటించేసింది.

కోటవాకిట ఏడువేలమంది రాక్షసులు అదే బొమ్మ చూస్తూ కాపలా. "కొత్త వంటవాడివా? నీ వంట నువ్వే తినవేంట్రా, ఇంత బక్కగా ఉన్నావు! పో లోపలికి!"

సుకేతుడు పళ్ళు నూరుకుంటూ మేడెక్కి చిలక పంజరం చేరాడు. వెనకే కరాళుడు మంత్రదండమెత్తాడు. "దాన్ని తాకితే బూడిద చేస్తా!"

"తాకను. దాని బొమ్మ దానికి చూపిస్తానంతే," అని సుకేతుడు చంకలోని పుస్తకం తీశాడు.

చిలక ఒకసారి చూసింది. రెండోసారి చూసింది. మూడోసారి, "ఇది నేనా? నా ఎర్రముక్కేది? నాకు బట్టతలా!" అని రోషంతో ఊపిరి బిగబట్టేసింది.

దాని ప్రాణమే తన ప్రాణం కదా, కరాళుడు కళ్ళు తేలేశాడు. "చిలకమ్మా, ఊపిరి పీల్చవే!"

"తాళంచెవి ఇటివ్వు, బతిమాలతాను," అన్నాడు సుకేతుడు.

తాళంచెవి చేతికొచ్చింది. పచ్చగా కొత్త బొమ్మ వేయిస్తానంటే చిలక ఊపిరి పీల్చింది. దుప్పటంత శాలువా కప్పుకుని రత్నవల్లి బయటికొచ్చింది, అట్ట చూసి భగ్గుమంది. "ఈ రుమాలు కట్టుకున్నది నేనా? పెళ్ళిమాట తర్వాత. ముందు ఆ చిత్రకారుణ్ణి చూపించండి!"

"నా తొడలు చూశావా మరి?" అన్నాడు సుకేతుడు. అప్పుడు నవ్వింది.

సుకేతుడి రాజ్యం చేరగానే రత్నవల్లి నిండుసభలో వర్ణాచారి చేత పుస్తకం చదివించింది. మొదటి పుట నసిగాడు. పదో పుటకి నోరు తెరిచాడు. ముప్పయ్యో పుటకి అన్నం వద్దన్నాడు. చివర కళ్ళు తుడుచుకుని, "ఇంత బావుంటుందని నాకెవరూ చెప్పలేదమ్మా!" అని కుంచె అందుకున్నాడు.

కొత్త అట్ట తడి ఆరిన రోజే పెళ్ళి. ఇద్దరూ నూటయాభై ఏళ్ళు ఏలారు. కరాళుడు మాత్రం రాలేదు పెళ్ళికి. ఓ మూల కూచుని ఆకుపచ్చ రంగు నూరుతున్నాడు, తన బొమ్మకి పచ్చదనం చాలలేదని చిలక "ఇంకా నూరు, ఇంకా నూరు" అంటోంది.